మా దడిమీది సాలెపురుగు

వానలు పట్టిన దినములలో, కుకునూరుపల్లిలో మా పెరటి దడికిని సీతాఫలపు చెట్టుకును నడుమ తెల్లవారుసరికి ఒక పెద్ద సాలెగూడు వెలసినది. దాని నడుమ పసుపుచారల పురుగొకటి తలక్రిందుగా నిలిచి యున్నది. పిల్లలు తిరుగు చోటు గదా యని ఇంటిలో ఒకరు చీపురు అందుకొనిరి. అది యేమో తెలిసికొనిన పిదప చంపవచ్చునని మేము ఆపితిమి.

గుర్తించుట కష్టము కాదు. దానికి ఎనిమిది కాళ్ళు. కీటకములకు ఆరే యుండును. ఆ ఎనిమిదింటిని రెండేసి చొప్పున జతపరచి, నాలుగే యున్నవా యనునట్లు గుణకారపు గుర్తువలె చాచి యుంచును. వీపుపై పసుపు, గోధుమవన్నెల అడ్డపట్టీలు. ముందుభాగమున వెండివలె మెరయు నూగు. గూటి నడుమ తెల్లని దారముతో మెలికలుగా వ్రాసిన గీతలు. ఇవి కన్పడినచో అది ఆర్గియోపి జాతిది. ఆ గీతలను బట్టి దీనిని సంతకపు సాలెపురుగు అందురు. ఆ గీతలు కీటకములను ఆకర్షించుటకని కొందరును, పక్షులు గూటిని చెరుపకుండుటకని కొందరును శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ జాతిలో మనదేశమున విరివిగా నుండు అనసూజాకు 1887లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు థోరెల్ పేరిడెను. ఆయనయే 1881లో పేరిడిన పుల్కెల్లా దీనిని మిక్కిలి పోలియుండును. వీనిని నిశ్చయముగా వేరుపరచుటకు సూక్ష్మదర్శిని కావలెను; గృహస్థునకు ఆర్గియోపి యని తెలిసిన చాలును. నడుమ కూర్చుండు పెద్దది ఆడది. దాని ఒడలు సుమారు 1 సెంటీమీటరు. మగది అందులో సగమైనను ఉండదు. మాపటివేళ గూడు అల్లి తెల్లవారకమునుపే తీసివేయునవి వేరు. అవి తరచుగా నియోస్కోనా జాతివి.

ఇక భయము మాట. పురుగులను చంపుటకు దీనికి విషమున్నది. కాని ఆరోగ్యవంతులకు దానివలన ప్రమాదము లేదు. దగ్గరకు పోయినచో గూటిని ఊపును, లేదా జారి దాగును. చేత పట్టి నొక్కినప్పుడే కరువవచ్చును. ఆ నొప్పి కొంతసేపటికి తగ్గును. అందుచేత పిల్లలకు చూడుమని చెప్పవలెను, పట్టవద్దని చెప్పవలెను.

శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగే యని, అది శివుని కొలిచి ముక్తి పొందెనని మన పెద్దలు చెప్పిరి. దానిని భక్తులలో చేర్చిన మనము, ఈగలను మిడుతలను పట్టి తిను ఈ జీవిని ఊరక చంపనేల? గూడు దారికి అడ్డమైనచో పొడవైన పుల్లతో దానిని ప్రక్క పొదకు చేర్చిన చాలును. మా దడిమీది గూడు దారికి అడ్డము లేదు. దానిని అట్లే యుంచితిమి.