విడిభాగముల బేరము

అంబాజీపేటలో నేటి ధర యెంతయో విచారింపక కోనసీమ రైతు కొబ్బరికాయను కదల్పడు. రావులపాలెములో గెల యే ధర పలుకుచున్నదో తెలియక అరటి బండి బయలుదేరదు. అట్టి మెలకువ కలవాడే, ఇంజనీరింగు చదువుచున్న కుమారునకు కంప్యూటరు కొనవలసి వచ్చినపుడు దుకాణమున కూర్చుండి, “మా అబ్బాయికి పనికివచ్చేది మీరే చూచి ఇవ్వండి” అనును. ఆ మాటతో బేరము ముగిసినది. పంట మీద వచ్చిన ఏబది అరువది వేల రూపాయలు ఒక్క పూటలో చేతులు మారును.

విడిభాగములను కొని కంప్యూటరును కూర్పించుకొనుట మనకు బొత్తిగా కొత్త పద్ధతి కాదు. ఒకప్పుడు మన పట్టణములలో రేడియో మెకానిక్కులు వాల్వులు, ట్రాన్సుఫార్మరు, స్పీకరు వేరువేరుగా తెచ్చి కొయ్యపెట్టెలో బిగించి ఇచ్చుచుండిరి. కంప్యూటరు సంగతియు అట్టిదే. లెక్కలు చేయు ప్రాసెసరు, అన్నిటిని కలుపు మదరుబోర్డు, పని జరుగునంతసేపు విషయమును పట్టియుంచు ర్యాము, శాశ్వతముగ దాచు ఎస్.ఎస్.డి., కరెంటును పంచు పవర్ సప్లయి, వీనిని ఇముడ్చుకొను క్యాబినెట్టు, ఎదుట మానిటరు. వేరువేరుగా కొన్నచో మనకు అక్కరయున్న చోటనే డబ్బు పెట్టవచ్చును. ఒకటి చెడినచో దానినొక్కదానినే మార్చవచ్చును. కాని ఒకదానితో మరియొకటి పొసగునా అను బాధ్యత మాత్రము మనదే.

కావున మొదట ధర గాక, పని యేమో తేల్చుకొనవలెను. ప్రోగ్రాములు వ్రాయుటకు, మిల్లు లెక్కలకు, తెలుగు అచ్చుపనికి, సినిమాలు చూచుటకు ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు అక్కర లేదు. పెద్ద ఆటలు ఆడువారికి, వీడియోలు కూర్చువారికి, కొన్ని ఇంజనీరింగు చిత్రణములకు అది కావలెను. ఆ కార్డును మానుకొన్ననాడు మిగులు సొమ్ము, ఎంత గట్టిగా బేరమాడినను మిగులదు. అయితే ఇచ్చట ఒక గుంట కలదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో దానిలో బొమ్మను చూపు భాగము ఉండదు. కొంత చౌకగా వచ్చినదని దానిని కొని, కార్డు కొననివాని మానిటరు మీద ఏమియు కనబడదు.

పేర్లలో మోసము మరియొకటి. “ఐ5 కంప్యూటరు” అని బోర్డు కట్టినంత మాత్రమున ఏమియు తెలియదు. ఆ పేరుతో ప్రాసెసర్లు 2009 నుండియు వచ్చినవి. పూర్తి సంఖ్య అడిగి వ్రాసికొనవలెను. ఏ.ఎం.డి. వారు 2022లో తెచ్చిన ఏ.ఎం.5 అమరికలో డి.డి.ఆర్.5 ర్యాము మాత్రమే పట్టును; వెనుకటి ఏ.ఎం.4లో డి.డి.ఆర్.4 మాత్రమే. ఇంటెల్ వారి ఎల్.జి.ఏ.1700 బోర్డులు రెండు విధములుగను వచ్చినవి. గాటు వేరుచోట నుండును గనుక ఒకటి మరియొకదానిలో దూరదు. ఇట్లు పూర్తి పేర్లతో ఒక కాగితము సిద్ధమైన పిదపనే ధరలు అడుగుట సార్థకము. కాగితము లేక అడిగినచో మూడు దుకాణములవారు మూడు వేరు వస్తువుల ధరలు చెప్పుదురు. వానిలో తక్కువది చౌక యని మనము భ్రమపడుదుము.

ఆ కాగితముతో ఎచ్చటికి పోవలెను? రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము దుకాణములు ఒక ప్రక్క. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరు, చెన్నపట్టణమున రిచ్చి వీధి మరియొక ప్రక్క. ఇక ఇంటర్నెట్టు అంగళ్లు కలవు. గౌతమి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి తెల్లవారుసరికి సికిందరాబాదులో దిగవచ్చునన్నది నిజమే. కాని రెండు వేలు తగ్గించుకొనుటకు తండ్రీకొడుకులు ఇద్దరు పోయివచ్చినచో, టికెట్లకు, భోజనములకు, ఆటోలకు ఎంతయైనదో కూడ ఆ కాగితము మీదనే వ్రాయవలెను. ఇంటికి వచ్చిన పిదప బోర్డు పలుకకపోయినచో మరల అదే బండి.

నా అభిప్రాయమేమనగా, చిన్నవియు అరుదుగా చెడునవియు నగు ప్రాసెసరు, ర్యాము, ఎస్.ఎస్.డి. ఎచ్చట చౌకయో అచ్చట కొనవచ్చును. మదరుబోర్డును, పవర్ సప్లయిని, మోయుటకు బరువైన క్యాబినెట్టును, పగులు భయమున్న మానిటరును మన ఊరనే, కొంత ఎక్కువైనను, తెలిసిన దుకాణమున కొనుట మేలు. బిగించి ఇచ్చువాడును అతడే యగును. ఇంటర్నెట్టున తెప్పించినచో పెట్టె విప్పునపుడు మొదటినుండి చివరవరకు వీడియో తీయవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, అమ్మినవాడు ఏ రాష్ట్రమున నున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును.

అన్నిటికంటె మనము ఎక్కువగా ఏమరుపాటు పడునది పవర్ సప్లయి విషయమున. దుకాణములలో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. గోడలోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచు ఇనుప పెట్టె ఇది. ప్రాసెసరును గూర్చి గంటసేపు తర్కించు కుర్రవాడు దీని మాట ఎత్తనే ఎత్తడు. క్యాబినెట్టుతో కలిపి ఏది ఇచ్చిన దానిని పుచ్చుకొనును. నేనును ఒకసారి అట్లే కొంటిని; పన్నెండు వందలు మిగిలినవని సంతసించితిని. రెండవ వర్షాకాలమున ఒక సాయంకాలము కరెంటు పోయి, వచ్చి, మరల పోయి వచ్చినది. చిన్న చిటపట, కాలిన వాసన. ఆ పెట్టె తాను పోవుచు మదరుబోర్డును, డిస్కును వెంట తీసికొనిపోయినది. డిస్కులో మా ఇంటి పెండ్లి ఫోటోలు ఉండినవి. వానికి మరియొక ప్రతి లేదు.

పెట్టె ప్రక్కను అతికించిన పట్టికను నాడు చదివియుండిన తెలిసియుండెడిది. పైన పెద్ద అక్షరములతో 450 వాట్లు అని యుండును. క్రింద 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూడవలెను. అచ్చట 18 అని యున్నచో, 12ను 18తో హెచ్చింపగా వచ్చునది 216 వాట్లు. నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్సు కార్డు ముఖ్యముగ ఆ 12 వోల్టుల మీదనే బ్రతుకును గనుక, మనకు నిజముగ అక్కరకు వచ్చు శక్తి అంతే. 2004లో ఆరంభమైన ‘80 ప్లస్’ ముద్ర మరియొక ఆనవాలు. లోపల 300 వాట్లు వాడునపుడు, నూటికి 80 వంతులు పనిచేయు పెట్టె గోడనుండి 375 వాట్లు లాగును. తక్కిన 75 వేడియై పోవును. వేసవిలో మన గదులలో ఆ వేడి ఎంతటిదో చెప్పనక్కరలేదు. దీనికి తోడు యు.పి.ఎస్. కొనవలెను. 600 వి.ఏ. అని అమ్మునది సాధారణముగ 360 వాట్ల బరువునే మోయును.

“బిల్లు వద్దంటే తగ్గిస్తాను” అను మాట తరచుగ వినవచ్చును. విడిభాగములపై జి.ఎస్.టి. 18 శాతము, 11,800 రూపాయల వస్తువులో పన్ను 1,800. అది తగ్గినదని సంతోషించువాడు మూడేండ్ల వారంటీని అమ్ముకొన్నవాడగును. పెట్టె లేక ‘ట్రే’ ప్రాసెసరని చౌకగా ఇచ్చుదానికి తయారీదారుని వారంటీ ఉండదు. దుకాణదారుని మాటయే ఆధారము. వ్యాపారమునకై కొనువారు తమ జి.ఎస్.టి. సంఖ్యతో బిల్లు వ్రాయించుకొన్నచో ఆ పన్నును నిబంధనల మేరకు తమ లెక్కలో సర్దుకొనవచ్చును.

ధరలకు కూడ ఋతువులు కలవు. దసరా దినములలో ఇంటర్నెట్టు అంగళ్లు తగ్గింపులు ప్రకటించును. అచ్చువేసిన గరిష్ఠ ధరతో గాక, గడచిన రెండు మాసములలో ఆ వస్తువు నిజముగ అమ్మిన ధరతో పోల్చి చూడవలెను. కొన్ని మార్పులు మన చేతిలోనివి కావు. 2011లో థాయిలాండు వరదలలో కర్మాగారములు మునిగి హార్డుడిస్కుల ధరలు లోకమంతట పెరిగినవి. 1986 గోదావరి వరదను చూచినవారికి ఆ కష్టము తెలియును. 2025 చివర కృత్రిమ మేధకై పెద్ద కంపెనీలు జ్ఞాపకపు చిప్పులను కొనివేయుటచే ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి. అట్టి వేళ చదువునకు అత్యవసరము కానిచో ఆగవచ్చును. ఆగలేనివారు కొంత ర్యాముతో మొదలిడి, మరియొక ముక్కకు బోర్డులో చోటు ఉంచుకొనవచ్చును. పాతసరకులో ప్రాసెసరును కొనవచ్చును గాని, గ్రాఫిక్సు కార్డును కన్నులార నడిపించి చూడక కొనరాదు. 2022 సెప్టెంబరులో ఈథీరియం నాణెపు తవ్వకము ఆగిన పిదప, రేయింబవళ్లు పనిచేసి అలసిన కార్డులు అనేకము పాత బజారునకు చేరినవి.

వెయ్యి జి.బి. ఎస్.ఎస్.డి. కొనగా తెర మీద 931 అని కనబడినదని దుకాణదారునితో తగవు పడువారు కలరు. అది తూకపు మోసము కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కించుటవలన వచ్చిన భేదము మాత్రమే.

పెట్టెలను, సీరియలు సంఖ్యలున్న అట్టలను వారంటీ తీరువరకు అటక మీద ఉంచవలెను. బిల్లు నున్నని వేడికాగితముపై ఇచ్చినదైనచో ఏడాది తిరుగునప్పటికి అక్షరములు మాసిపోవచ్చును; కొన్ననాడే దానిని ఫోటో తీసి ఉంచుకొనవలెను.