అతుకు దగ్గర రాసిన అక్షరం

జన్యువంటే తలరాతేనా? మన రెండో క్రోమోజోమ్‌లోని ఒక చిన్న ముక్క చెప్పే సంగతి వేరు.

ఒక జబ్బు తాతకొచ్చి, తండ్రికొచ్చి, కొడుక్కీ వస్తే ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అనేవారు పెద్దలు. ఇప్పుడు ‘జీన్స్‌లో ఉంది’ అంటున్నాం. మాట మారింది కానీ నమ్మకం మారలేదు. బ్రహ్మ నుదుటి మీద రాశాడన్న రాతను తీసుకెళ్లి డీఎన్‌ఏలో పెట్టుకున్నాం, అంతే. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి సూక్ష్మజీవులను పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌లోని తేలిక గొలుసును మించిన చోటు లేదు. ఎందుకంటే ఆ గొలుసుకు కావలసిన పూర్తి జన్యువును ఏ బిడ్డా అమ్మానాన్నల నుంచి తెచ్చుకోదు. తెచ్చుకునేవి ముక్కలే. వాటిని కుట్టుకునే పని ఒంట్లోని కణాలది. వారసత్వం ముడిసరుకే తప్ప తీర్పు కాదనడానికి ఇంతకన్నా సూటి రుజువు జీవశాస్త్రంలో దొరకడం కష్టం.

యాంటీబాడీ చూడ్డానికి ఇంగ్లిష్ ‘వై’ అక్షరంలా ఉంటుంది. రెండు బరువు గొలుసులు, వాటి చేతులను అంటిపెట్టుకుని రెండు తేలిక గొలుసులు. తేలిక గొలుసులో అటూ ఇటూగా 215 అమైనో ఆమ్లాలుంటాయి. ఒక రకం గొలుసులన్నిటిలో సగ భాగం ఒక్కలాగే ఉంటుంది. మిగతా సగం మాత్రం యాంటీబాడీకో తీరుగా మారిపోతుంది. సూక్ష్మజీవిని పట్టుకోవడంలో అసలు పని ఈ మారే సగానిదే. శాస్త్రవేత్తలకు చిక్కు వచ్చిపడిందీ ఇక్కడే. మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. యాంటీబాడీ రకాలేమో కోట్లలో ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో జన్యువు కావాలంటే డీఎన్‌ఏ ఏ మూలకు సరిపోతుంది? రెండు సగాలకూ వేర్వేరు జన్యువులుండి, అవి కణంలో ఒకటవుతాయేమోనని 1965లో విలియం డ్రేయర్, క్లాడ్ బెనెట్ ఊహించారు. ఒక జన్యువుకు ఒక గొలుసు అన్న సూత్రం ఏలుతున్న ఆ రోజుల్లో ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు. 1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో నొబుమిచి హొజుమి, సుసుము టొనెగావా దాన్ని పరీక్షించారు. ఎలుక పిండం డీఎన్‌ఏను, యాంటీబాడీ గొలుసును తయారుచేసే ఎలుక కణితి డీఎన్‌ఏను ఒకే ఎంజైముతో కోసి పోల్చారు. తేలిక గొలుసు సమాచారం పిండంలో రెండు వేర్వేరు ముక్కల్లో కనిపించింది, కణితిలో ఒకే ముక్కలో దొరికింది. అంటే కణం తన డీఎన్‌ఏను తానే కత్తిరించి అతుక్కుంది. టొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది.

మనిషిలో కప్పా రకం తేలిక గొలుసుకు కావలసిన సరంజామా రెండో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంది. పనికొచ్చే ‘వి’ ముక్కలు 40 దాకా, ‘జె’ ముక్కలు ఐదు, మారని సగానికి ‘సి’ ముక్క ఒక్కటే. యాంటీబాడీలను తయారుచేసే బి కణం ఎముకల మూలుగలో ఎదిగేటప్పుడు ఒక ‘వి’ని ఒక ‘జె’తో జతచేస్తుంది. కత్తెర ఎక్కడ పడాలో చెప్పడానికి ప్రతి ‘వి’, ప్రతి ‘జె’ పక్కనా ఒక గుర్తు ఉంటుంది: ఏడక్షరాల మాట ఒకటి, కాస్త ఎడంగా తొమ్మిదక్షరాల మాట ఒకటి. ఆ గుర్తు చూసి కోసేది రాగ్ అనే ఎంజైముల జంట. 40ని ఐదుతో హెచ్చిస్తే 200 జతలే వస్తాయి. అయితే కోసిన అంచులు అతికేటప్పుడు కొన్ని అక్షరాలు రాలిపోతాయి, ఒక్కోసారి కొత్తవి వచ్చి చేరతాయి. దర్జీ పనిలో ఇది తప్పు. ఇక్కడ మాత్రం ఇదే సిరి. ఏ2 అనే ‘వి’ ముక్కను చూడండి. దాని నేటి పేరు ఐజీకేవీ2డీ-29. పసిపిల్లలకు మెనింజైటిస్, న్యుమోనియా తెచ్చే హిబ్ బ్యాక్టీరియా ఒంటినిండా చక్కెర తొడుగు కప్పుకుని ఉంటుంది. ఆ తొడుగును పట్టుకునే మనుషుల యాంటీబాడీల్లో పదేపదే కనిపించేది ఈ ఏ2 ముక్కే. అందులోనూ ‘వి’, ‘జె’ కలిసిన అతుకు దగ్గర ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి కూర్చుని ఉంటుంది. అది లేకపోతే పట్టు కుదరదు.

‘ముక్కలైనా వారసత్వంగా వచ్చినవే కదా, ముక్కే చెడ్డదైతే?’ అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసులైన నవహోల పిల్లల్లో హిబ్ జబ్బులు మిగతా అమెరికా పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవి. వాళ్లలో చాలామందికి ఏ2 ముక్క కాస్త తేడాగా ఉందని 1996లో ఆన్ ఫీనీ బృందం గుర్తించింది. తేడా ఉన్నది ప్రొటీన్‌లో కాదు, కత్తెర గుర్తులో. గుర్తు చెదిరితే రాగ్ ఆ ముక్కను ఎంచుకోవడం నాలుగైదు రెట్లు తగ్గుతుందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. తలరాతకు ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ పరిశోధకులే ఇది ఒక కారణం ‘కావచ్చు’ అని ఆగారు. ఇరుకు ఇళ్లలో హిబ్ సులువుగా పాకుతుందన్నదీ కాదనలేని సంగతే. అన్నిటికన్నా పెద్ద జవాబు టీకా నుంచి వచ్చింది. భారత సంతతి వైద్యుడు మాథురం సంతోషం బృందం నవహో శిశువులకే హిబ్ టీకా వేసి చూసి, 1991లో ఫలితాలు ప్రకటించింది. 90 శాతానికి పైగా రక్షణ దొరికింది. ఆ పిల్లల జన్యువులు మారలేదు, ఇళ్లూ మారలేదు. చక్కెర తొడుగును ఒక ప్రొటీన్‌కు అంటించి ముందుగా చూపించారు, అంతే. చెదిరిన గుర్తు ఉన్నచోట కూడా శరీరం దారి వెతుక్కోగలిగింది. మన దగ్గర పిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావేలెంట్ సూదిలోని ఐదింటిలో హిబ్ ఒకటి. దాన్ని తయారుచేసే సంస్థల్లో హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ కూడా ఉంది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. ‘రాత పోయి లాటరీ వచ్చింది. గుడ్డిగా తీసిన చీటీ మాత్రం తలరాత కాదా?’ చీటీ గుడ్డిదే, కానీ దాన్ని ఉంచాలా వద్దా అన్నది గుడ్డిగా జరగదు. అతికిన గొలుసు సొంత శరీరాన్నే పట్టుకునేలా తయారైతే బి కణం చాలాసార్లు దాన్ని వదిలేసి మరో ‘వి’ని మరో ‘జె’కి అతుకుతుంది. కప్పా ముక్కలతో పని కాకపోతే 22వ క్రోమోజోమ్ మీది లాంబ్డా రకానికి వెళుతుంది. నుదుటి రాతకు లేని సౌలభ్యం ఇదే: చెరిపి మళ్లీ రాయవచ్చు. దీనికి మూల్యం లేకపోలేదు. కొందరిలో రెండో క్రోమోజోమ్ ముక్క తెగి ఎనిమిదో క్రోమోజోమ్ మీద, కణాన్ని పెరగమని పురిగొల్పే మిక్ జన్యువు పక్కన అతుక్కుంటుంది. బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్‌కు అదొక దారి. కత్తెర చేతిలో ఉన్నవాడికి వేలు తెగే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. అయినా పరిణామం ఆ కత్తెరను కోట్ల ఏళ్లుగా దాచుకుంటూ వచ్చింది. ముందే రాసిపెట్టిన ఏ జాబితా రేపటి సూక్ష్మజీవికి చాలదు మరి.

అందుకే ఆ ఆర్జినిన్ దగ్గరికి మరోసారి వెళ్లాలి. అది ‘వి’ ముక్కలో రాసి లేదు, ‘జె’ ముక్కలోనూ లేదు. అమ్మ ఇచ్చిందీ కాదు, నాన్న ఇచ్చిందీ కాదు. రెండు ముక్కల నడుమ, అతుకు దగ్గర, ఆ బిడ్డ మూలుగలోనే పుట్టింది.