ఇంటి నీళ్ళట్యాంకుకు క్లోరిన్ కాపలా

శుద్ధి కేంద్రం నుండి బయలుదేరినప్పుడు మంచినీరు నిర్మలంగానే ఉండవచ్చును. కాని ఆ నీరు మైళ్ళ కొలది గొట్టాలలో ప్రయాణించి, ఇంటి ఆవరణలోని సంపులోనికి దిగి, మోటారు ద్వారా డాబామీది ట్యాంకును చేరి, వంటింటి కుళాయికి వచ్చేసరికి అంతే నిర్మలంగా ఉంటుందన్న భరోసా లేదు. ఈ ప్రయాణమంతటా నీటికి తోడుండే కాపలాదారు క్లోరిన్. ఆ కాపలా మన ఇంటిదాకా వచ్చిందా లేదా అని చూసుకోవడం గృహస్థుల బాధ్యత.

2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వలన పలువురు ప్రాణాలు కోల్పోయారు. కంటికి తేటగా కనిపించే నీటిలో సైతం రోగకారక క్రిములు ఉండగలవు. కాబట్టి రంగు, రుచి చూసి నీటి మంచిచెడ్డలు నిర్ణయించడం క్షేమకరం కాదు.

వేసినదెంత? మిగిలినదెంత?

"ట్యాంకులో ఎంత బ్లీచింగ్ పౌడరు వేయాలి?" అని చాలామంది అడుగుతారు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న, వేసిన అరగంట తరువాత ఎంత క్లోరిన్ మిగిలింది అన్నది. నీటిలోని సేంద్రియ మాలిన్యం, ఇనుము, అమ్మోనియా వంటివి క్లోరిన్‌ను ముందుగా ఖర్చు చేస్తాయి. జీతమెంత వచ్చినా, ఖర్చులు పోగా నెలాఖరుకు మిగిలినదే కదా సంసారానికి ఆదరువు! నీటి విషయమూ అంతే. ఖర్చులు పోగా మిగిలినదానిని 'అవశేష క్లోరిన్' అంటారు.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా అవశేష క్లోరిన్ ఉండాలి. వైరస్‌ల నుండి రక్షణ అవసరమైనచోట ఇది కనీసం 0.5 ఉండాలి. వేరే నీటి వసతి లేనప్పుడు గరిష్ఠంగా 1 మిల్లీగ్రాము వరకు అనుమతిస్తారు.

లెక్క, పద్ధతి

సంపు పొడవు, వెడల్పు, నీటి లోతులను మీటర్లలో కొలిచి గుణించి, దానిని వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల సంపులో 1 మీటరు లోతు నీరుంటే అది 3,000 లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున 3 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడరులో దాదాపు మూడోవంతు క్లోరిన్ లభిస్తుంది. గాలి, వెలుతురు, తేమ తగిలినకొద్దీ అది క్షీణిస్తుంది. నాలుగోవంతుగా లెక్కవేసుకుంటే 12 గ్రాముల పౌడరు కావాలి. దీనిని ఆరంభ మోతాదుగా మాత్రమే భావించాలి.

పౌడరును నేరుగా ట్యాంకులో చల్లరాదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు పోసి కదిపి, కొంతసేపు ఉంచితే సున్నపు మడ్డి అడుగుకు చేరుతుంది. పైనున్న తేటనే సంపులో పోయాలి. సంపు నిండుతున్న సమయంలో పోస్తే బాగా కలుస్తుంది. ఎండ తగిలితే క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కనుక, మూతలేని ట్యాంకులో ఈ శ్రమ వృథా. నీరు బురదగా ఉంటే ముందు తేర్చి, వడకట్టాలి.

అరగంట గడచిన తరువాత పరీక్ష చేయాలి. బజారులో దొరికే పరీక్షా పెట్టెలలో ఆర్థోటాలిడిన్ ద్రావకం వేస్తే పసుపు రంగు, డి.పి.డి. బిళ్ళ వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగును పక్కనున్న పట్టీతో పోల్చి చూడాలి. ఆర్థోటాలిడిన్ హానికరమైన రసాయనం. పరీక్షించిన నీటిని పారబోయాలే కాని తిరిగి ట్యాంకులో పోయరాదు. వాసనను కొలబద్దగా తీసుకోరాదు. ఘాటైన వాసన చాలాసార్లు క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడిన క్లోరమిన్‌లది. అవి స్వేచ్ఛా క్లోరిన్ అంత చురుకుగా క్రిములను చంపలేవు.

నీటి క్షారత కూడా లెక్కలోనికి వస్తుంది. పి.హెచ్. 7.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో సుమారు సగం చురుకైన హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది, 8.5 వద్ద అది పదోవంతుకు పడిపోతుంది. అందువలన క్షారగుణం అధికంగా ఉన్న బోరు నీటిలో క్లోరిన్‌కు మరింత వ్యవధి ఇవ్వాలి. వాటర్ ఫిల్టరులోని కార్బన్ పొర క్లోరిన్‌ను తొలగిస్తుంది. ఫిల్టరు నుండి పట్టిన నీటికి కాపలా ఉండదు కనుక శుభ్రమైన పాత్రలో మూతపెట్టి, త్వరగా వాడుకోవాలి.

జాగ్రత్తలు

బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పౌడరును గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, చల్లని చీకటి చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి. కలిపేటప్పుడు కిటికీలు తెరచి, చేతులకు తొడుగులు ధరించాలి.

చివరిగా ఒక మనవి. పరీక్ష ఫలితాన్ని గోడమీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. రోజూ 0.4, 0.5 చూపే నీరు అదే మోతాదుకు హఠాత్తుగా సున్నా చూపితే, ఇంకొంచెం పౌడరు వేసి ఊరుకోవద్దు. పౌడరు పాతబడి ఉండవచ్చు. లేదా ఎక్కడో మురుగు చొరబడి ఉండవచ్చు. పౌడరు సంగతి కొత్త డబ్బాతో తేలిపోతుంది. అంతవరకు తాగే నీటిని తెర్లేదాకా మరిగించండి. కొత్త పౌడరు వేసినా సున్నాయే వస్తే సంపు గోడలు, పైపు అతుకులు, సమీపంలోని మురుగు కాలువ చూపించి, నీటి సరఫరా విభాగానికి వెంటనే తెలియజేయండి. క్యాలెండరు గడిలోని ఆ సున్నాను ఇల్లాలు ఒక్కరోజు ముందుగా గమనిస్తే, వీధి వీధంతా జబ్బు పడకుండా తప్పించుకోవచ్చును.