సర్టిఫికెట్ తరువాత సభ్యత్వం

డబ్లిన్‌లో సర్వీస్ డెస్క్ ఉద్యోగంతో మొదలుపెట్టిన మనవాళ్ళు చాలామంది ఐటిల్ పరీక్ష పాసై, ఇక చాలనుకుంటారు. ఆగిపోయిన సర్వర్‌ని మళ్ళీ నడిపించడం ‘ఇన్సిడెంట్’ పని; అది పదేపదే ఎందుకు ఆగుతోందో కనిపెట్టడం ‘ప్రాబ్లమ్’ పని. ఈ తేడా పుస్తకంలో దొరుకుతుంది. పైవాళ్ళను ఒప్పించి దాన్ని అమలు చేయడం మాత్రం అనుభవజ్ఞుల దగ్గరే నేర్చుకోవాలి.

అలా అనుభవాలు పంచుకోవడానికే 1991లో బ్రిటన్‌లో ఐటీఎస్ఎంఎఫ్ పుట్టింది. ఐర్లండ్‌లో ఐరిష్ కంప్యూటర్ సొసైటీ 1967లోనే ఏర్పడింది.

వర్క్ పర్మిట్ మీద వచ్చినవారికి ఇలాంటి సంఘాలు మరీ అవసరం. పర్మిట్ ఒక్క కంపెనీతోనే ముడిపడి ఉంటుంది. ఆ ఉద్యోగం పోతే, మన పనితనం తెలిసినవాళ్ళు బయట నలుగురైనా ఉండాలి కదా! చందా కట్టి ఊరుకుంటే పరిచయాలు పెరగవు. సమావేశాలకు వెళ్ళండి, సందేహాలు అడగండి. కంపెనీ రహస్యాలు బయటపెట్టకుండా, ఏడాదికొకసారైనా మీ అనుభవాన్ని పది నిమిషాలు చెప్పండి.