ద్రావణం

రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పదార్థాలు అణువులు లేదా అయాన్ల స్థాయిలో కలిసిపోగా ఏర్పడే సజాతీయ మిశ్రమాన్ని ద్రావణం అంటారు. కరిగించుకొనే పదార్థాన్ని ద్రావణి అనీ, కరిగే పదార్థాన్ని ద్రావితం అనీ వ్యవహరిస్తారు. ఉప్పునీటిలో నీరు ద్రావణి, ఉప్పు ద్రావితం. ద్రావణాలన్నీ ద్రవాలే కానవసరం లేదు. గాలి వాయు ద్రావణం. రాగి, జింకు కలిసిన ఇత్తడి ఘన ద్రావణం. పాలను చాలామంది ద్రావణంగా భావిస్తారు గానీ అది కొవ్వు బిందువులు తేలియాడే ఎమల్షన్ మాత్రమే.

కరిగే విధానం

నీటి అణువులో ఆక్సిజన్ వైపు పాక్షిక ఋణావేశం, హైడ్రోజన్ల వైపు పాక్షిక ధనావేశం ఉంటాయి. ఉప్పును నీటిలో వేసినపుడు సోడియం అయాన్లను ఆక్సిజన్ కొసలు, క్లోరైడ్ అయాన్లను హైడ్రోజన్ కొసలు చుట్టుముట్టి స్ఫటికం నుండి విడదీస్తాయి. చక్కెర అయాన్లుగా విడిపోదు. దాని అణువులు హైడ్రోజన్ బంధాలతో నీటిలో కలుస్తాయి. ధ్రువత్వం లేని నూనె నీటిలో కరగదు, కిరోసిన్‌లో కరుగుతుంది.

ఇలా కరిగినది కంటికి కనిపించదు, గుడ్డతో వడకట్టినా పోదు. నల్గొండ జిల్లాలో ప్రజలను పీడించిన ఫ్లోరైడ్ ఇటువంటిదే. నీటిని మరిగిస్తే కొంత ఆవిరై, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ గాఢత ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితోపాటు అడుగుకు దించే పద్ధతికి ఆ జిల్లా పేరే వచ్చింది.

ద్రావణీయత

25 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఆపై కరగని స్థితిలో దానిని సంతృప్త ద్రావణం అంటారు. వేడి పెరిగితే చక్కెర మరింత కరుగుతుంది. ఉప్పులో మార్పు స్వల్పం. వాయువుల ద్రావణీయత తగ్గుతుంది.

గాఢత

నిర్ణీత పరిమాణం గల ద్రావణంలో ఉన్న ద్రావితం మొత్తాన్ని గాఢత తెలుపుతుంది. దీని ప్రాముఖ్యానికి ఓ.ఆర్.ఎస్. చక్కని ఉదాహరణ. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5, సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. చిన్నప్రేగు గోడ సోడియంను, గ్లూకోజును జతగా గ్రహిస్తుంది. వాటి వెంట నీరు శరీరంలోకి చేరుతుంది. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినపుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణాన్ని త్రాగించి వేలమందిని బ్రతికించారు.

లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్టును ఒక గ్లాసు నీటిలో కలిపితే గాఢత మితిమీరి, ద్రవాభిసరణం వల్ల శరీరంలోని నీరే ప్రేగులోకి వస్తుంది. రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చును. నీరు ఎక్కువైతే లవణాలు చాలవు. పొడిని చెంచాలతో కొద్దికొద్దిగా వాడటం కూడా తగదు. పొడి సజాతీయం కాదు గనుక ఒక చెంచాలో ఉప్పు, మరొక చెంచాలో గ్లూకోజు ఎక్కువగా రావచ్చును. మొత్తం పొడిని మొత్తం నీటిలో కరిగించిన తర్వాతే ప్రతి గుక్కలోనూ ఒకే పాళ్ళు ఉంటాయి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా లభిస్తాయి కనుక పైన ముద్రించిన కొలతను చూసి నీరు పోయాలి.