సీసీ కెమెరాకు ల్యాప్‌టాప్‌తో పనేంటి?

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటి సైట్లు గంటల తరబడి మొరాయించాయి. ఆ సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీద జరిగిన దాడి అందుకు కారణం. దాడిచేసినవి మహా యంత్రాలేం కావు. ఇళ్లలో, దుకాణాల్లో బిగించుకున్న సీసీ కెమెరాలు, వాటి డీవీఆర్‌లు, రూటర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని పరికరాలను మిరాయ్ అనే మాల్‌వేర్ నెట్‌లో వెతికి పట్టుకుంది. దాని దగ్గరున్నది అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా, అంతే.

మిరాయ్ ఆ కెమెరాలను బయటివాళ్ల మీదికి ఉసిగొల్పింది. అలా లొంగిపోయిన కెమెరా ఇంటి లోపలికి తిరిగితే? మామూలు ఇంట్లో కెమెరా, స్మార్ట్ టీవీ, ఆఫీసు ల్యాప్‌టాప్, బ్యాంకు యాప్ ఉన్న ఫోను అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఒకటి వేసిన కేక మిగతా అన్నింటికీ వినిపిస్తుంది. కెమెరాకు ల్యాప్‌టాప్‌తో మాట్లాడాల్సిన పని ఎప్పుడూ ఉండదు. అయినా దారి మాత్రం తెరిచే ఉంటుంది.

ఆ దారి మూసే పద్ధతి పేరు వీల్యాన్. ఒకే స్విచ్‌ను, అవే కేబుళ్లను వాడుతూ రెండు మూడు విడి నెట్‌వర్క్‌లుగా పనిచేయించడం దీని సారం. 1980ల్లో బెల్‌కోర్‌లో డేవిడ్ సింకోస్కీ ఈ ఆలోచనకు బాటవేశారు. 1998లో 802.1క్యూ అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం ప్రతి డేటా ఫ్రేమ్‌కూ 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తారు, ప్రయాణం సామానుకు చీటీ కట్టినట్టు. చీటీలో వీల్యాన్ సంఖ్యకు 12 బిట్లు కేటాయించారు కాబట్టి 4094 వీల్యాన్ల దాకా వాడుకోవచ్చు. ఇంటికి మూడు చాలు. అంతకు మించితే సరదా కిందే లెక్క.

మామూలు స్విచ్‌తో ఈ పని కాదు. మేనేజ్డ్ లేదా స్మార్ట్ మేనేజ్డ్ స్విచ్ కావాలి. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ, నెట్‌గేర్ జీఎస్308ఈ లాంటి 8 పోర్టుల పెట్టెలు ఇంటికి సరిపోతాయి. బ్రౌజర్‌లోనే వాటి సెట్టింగులు మార్చవచ్చు.

ఇంటి పరికరాలకు వీల్యాన్ 10, కెమెరాలకు వీల్యాన్ 20 అనుకుందాం. 1వ పోర్టు రూటర్‌కు వెళ్తుంది. రెండు వీల్యాన్ల డేటా ఆ ఒక్క తీగ మీదే పోవాలి కాబట్టి అక్కడ రెండూ ట్యాగ్డ్. 2, 3 పోర్టుల్లో కంప్యూటర్లు, 4 నుంచి 6 దాకా కెమెరాలు, వాటి రికార్డర్. ఈ పరికరాలకు చీటీల సంగతి తెలియదు. అందుకని అక్కడ అన్‌ట్యాగ్డ్ పెట్టాలి. లోపలికొచ్చే డేటాకు ఏ చీటీ కట్టాలో చెప్పేది పీవీఐడీ అనే మరో సెట్టింగు. పోర్టు వీల్యాన్ సభ్యత్వం మార్చి పీవీఐడీ మరిచిపోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. కెమెరా లైటు వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు.

8వ పోర్టును, మొదట్లో అన్ని పోర్టులూ ఉండే వీల్యాన్ 1లోనే వదిలేయడం తెలివైన పని. ల్యాప్‌టాప్ తగిలించిన పోర్టునే మార్చేసి స్విచ్‌లోకి తిరిగి వెళ్లలేక, పిన్నుతో రీసెట్ బటన్ నొక్కుకునే బాధ తప్పుతుంది.

స్విచ్ కొనగానే పని అయిపోయిందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. స్విచ్ విడదీస్తుంది, అంతే. ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చేది రూటర్. 192.168.10, 192.168.20 అంటూ వేర్వేరు చిరునామాలు పంచేదీ అదే. నెట్ కంపెనీ ఇచ్చే రూటర్లలో చాలావాటి సెట్టింగుల్లో ఈ వీలు కనిపించదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే రూటరో, మైక్రోటిక్ పెట్టో, పీఎఫ్‌సెన్స్ వేసిన పాత కంప్యూటరో ఉండాలి. అందులో రాయాల్సిన నియమం చిన్నదే: 10 నుంచి 20కి వెళ్లొచ్చు, 20 నుంచి 10కి కొత్తగా మొదలుపెట్టే ఏ సంభాషణా వద్దు. ఫోను అడిగితే కెమెరా జవాబిస్తుంది, తనంతట తాను పలకరించదు. మన దేశంలో జియోతో సహా చాలా కనెక్షన్లకు ఐపీవీ6 వస్తోంది. నియమం ఐపీవీ4కే రాసి ఊరుకుంటే రెండో దారి తెరిచి ఉంచినట్టే.

కెమెరాకు ఇంటర్నెట్ కూడా కట్ చేయవచ్చు. అప్పుడు కంపెనీ యాప్ ఊరెళ్లినప్పుడు పనిచేయదు, ఇంటికి వీపీఎన్ పెట్టుకోవాలి. టీవీని వేరే వీల్యాన్‌లోకి తోస్తే ఫోన్లో కాస్ట్ బటన్ మాయమవుతుంది, ఎందుకంటే పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్‌ఎస్ సందేశాలు వీల్యాన్ దాటవు. రూటర్‌లో అవాహి లాంటి రిఫ్లెక్టర్ పెడితే దాటుతాయి. ఇంట్లో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు ఈ ప్రయోగం మొదలుపెట్టకపోవడం మంచిది. ఇక ఒకే వీల్యాన్‌లోని కెమెరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చే పని ఎటూ తప్పదు.

అద్దె ఇంట్లో ఉండి, ఉన్నవన్నీ వైఫై పరికరాలే అయితే స్విచ్ ఖర్చు దండగ. చాలా రూటర్లలో ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లోకి టీవీని, బల్బులను పంపేస్తే సగం పైగా ప్రయోజనం దక్కుతుంది.

స్విచ్ పెట్టినవాళ్లు మాత్రం పరీక్షించి చూడాలి. ల్యాప్‌టాప్‌ను కెమెరా పోర్టుకు తగిలిస్తే 192.168.20తో మొదలయ్యే చిరునామా రావాలి. అక్కడి నుంచి వీల్యాన్ 10లోని ప్రింటర్‌కు పింగ్ కొడితే జవాబు రాకూడదు. వచ్చిందంటే రూటర్‌లో నియమాల వరుస చూడాలి. చాలా ఫైర్‌వాల్‌లు పై నుంచి చదువుకుంటూ వచ్చి మొదట సరిపోయిన నియమాన్నే అమలుచేస్తాయి. పైన అన్నింటినీ అనుమతించే నియమం ఉంటే కింద రాసిన నిషేధం ఎన్నటికీ అమలుకాదు.