ర్యామ్ బూస్టర్ బటన్ నొక్కితే కంప్యూటర్ నిజంగా స్పీడ్ అవుతుందా?

మన కామెంట్లలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నాది 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. బాగా స్లో అయిపోయింది. డబ్బులు కట్టి ర్యామ్ బూస్టర్ తీసుకోమంటావా?" అని. అసలు ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏం చేస్తుందో తెలిస్తే, కట్టాలో వద్దో మీకే అర్థమైపోతుంది. పదండి చూద్దాం.

ముందు ర్యామ్ సంగతి. మన వంటింట్లో స్టవ్ పక్కన గట్టు ఉంటుంది కదా? పోపుల డబ్బా, ఉప్పు, నూనె అక్కడే పెట్టుకుంటాం. చెయ్యి చాపితే అందాలి. పండక్కి తీసే పెద్ద గిన్నెలు మాత్రం అటక మీద ఉంటాయి. ర్యామ్ అంటే ఆ గట్టు. హార్డ్ డిస్క్ గానీ ఎస్ఎస్‌డీ గానీ అటక.

గట్టుకీ అటకకీ తేడా ఎంతో తెలుసా? ర్యామ్ నుంచి డేటా రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. మామూలు ఎస్ఎస్‌డీకి సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. తిరిగే హార్డ్ డిస్క్‌కి సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. ఇంకోలా చెప్తా. ర్యామ్ నుంచి తీయడానికి 1 సెకను పట్టిందనుకుంటే, ఎస్ఎస్‌డీ నుంచి తీయడానికి దాదాపు 17 నిమిషాలు, హార్డ్ డిస్క్ నుంచి ఒక రోజు దాటిపోతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు బూస్టర్ దగ్గరికి వద్దాం. బటన్ నొక్కగానే 80 శాతం ఉన్న మీటర్ 45కి పడిపోతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. లోపల జరిగేది సాధారణంగా రెండు పద్ధతుల్లో ఒకటి. మొదటిది, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ దగ్గరున్న మెమరీని వదిలించమని విండోస్‌కి చెప్పడం. దీనికి విండోస్‌లోనే ఎంప్టీ వర్కింగ్ సెట్ అనే ఫంక్షన్ ఉంది. రెండోది పాత పద్ధతి. బూస్టరే ఒక్కసారిగా బోలెడంత మెమరీ అడుగుతుంది. విండోస్ పాపం మిగతా ప్రోగ్రామ్‌ల డేటాని డిస్క్ మీదున్న పేజ్ ఫైల్‌లోకి తోసి చోటిస్తుంది. బూస్టర్ వెంటనే ఆ చోటు వదిలేసి, "చూశారా, ఎంత ఖాళీ చేశానో" అంటుంది.

ఆ ఖాళీ వల్ల లాభమేంటి? ఒక్క క్షణం ఆలోచించండి. మీరు మళ్లీ బ్రౌజర్ మీద క్లిక్ చేశారు. దాని డేటా కావాలి. అది ఇంకా ర్యామ్‌లోనే స్టాండ్‌బై అనే లిస్టులో ఉంటే త్వరగానే దొరుకుతుంది. కానీ అప్పుడు బూస్టర్ నిజంగా ఖాళీ చేసిందేమీ లేనట్టే, మీటర్‌లో అంకె మార్చిందంతే. ఒకవేళ నిజంగానే డిస్క్‌లోకి వెళ్లిపోయి ఉంటే, ఇందాకటి లెక్క ప్రకారం వెయ్యి రెట్లో లక్ష రెట్లో ఆలస్యం. వంట మధ్యలో గట్టు మీది సామానంతా అటకెక్కించి, "గట్టు ఎంత నీట్‌గా ఉందో" అన్నట్టు. పోపు వేసేటప్పుడు నిచ్చెన ఎక్కాల్సింది మీరే.

అసలు ఖాళీ ర్యామ్ పని చేసే ర్యామ్ కాదు. అందుకే విండోస్ మీరు మళ్లీ తెరిచే అవకాశం ఉన్న ఫైళ్లని మిగిలిన ర్యామ్‌లో దాచిపెడుతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీకి వెళ్తే 'క్యాష్డ్' అని కనిపించే అంకెలో ఎక్కువ భాగం ఇదే. ఏదైనా ప్రోగ్రామ్‌కి చోటు కావాలంటే విండోస్ వెంటనే అందులోంచి ఇచ్చేస్తుంది. కాబట్టి మీరు చూడాల్సింది 'అవైలబుల్' అనే అంకె.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు. 1995లో అమెరికాలో సాఫ్ట్‌ర్యామ్ 95 అనే ప్రోగ్రామ్ వచ్చింది. కంప్రెషన్‌తో మెమరీని రెట్టింపు చేస్తామన్నారు, లక్షల కాపీలు అమ్మారు. నిపుణులు విప్పి చూస్తే, విండోస్ 95లో అది చెప్పిన పని చేయడమే లేదు. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. విచిత్రమేంటంటే, నిజమైన మెమరీ కంప్రెషన్ 2015లో విండోస్ 10లోకి వచ్చింది. అది ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఉచితంగా నడుస్తూనే ఉంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే టెస్ట్ చేసుకోండి. బ్రౌజర్‌లో 10 ట్యాబ్‌లు, ఒక వర్డ్ ఫైల్ తెరవండి. రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్‌కి వెళ్లి 'హార్డ్ ఫాల్ట్స్' గ్రాఫ్ చూడండి. కావాల్సిన డేటా ర్యామ్‌లో దొరక్క డిస్క్‌కి వెళ్లిన ప్రతిసారీ అక్కడ లెక్క పడుతుంది. ఇప్పుడు బూస్టర్ నొక్కి, మళ్లీ ఒక్కో ట్యాబ్‌కీ వెళ్లండి. గ్రాఫ్ పైకి లేచిందంటే మీ కంప్యూటర్‌కి కొత్త పని పడినట్టే.

మరి ఎప్పుడూ ఉపయోగం లేదా అంటే, కొంచెం ఉంది. విండోస్ 10లో స్టాండ్‌బై లిస్ట్ క్లియర్ చేస్తే కొన్ని గేమ్స్ తడబడటం తగ్గిందని కొందరు గేమర్లు చెప్పారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ర్యామ్‌మ్యాప్ అనే ఉచిత టూల్‌లోనూ ఆ ఆప్షన్ ఉంది, టెస్టింగ్ చేసేవాళ్లకి పనికొస్తుంది. అంతేగానీ రోజూ నొక్కాల్సిన బటన్ కాదు.

సరే, 4 జీబీ తమ్ముడు ఏం చేయాలి? ఒకటి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టార్టప్ లిస్ట్‌లో మీకు అక్కర్లేనివి ఆపేయండి. రెండు, ఏ ప్రోగ్రామ్ మెమరీ గంట గంటకీ పెరుగుతూనే ఉందో చూసి, దాన్ని మూసి మళ్లీ తెరవండి. అది మెమరీ లీక్ కావచ్చు, బూస్టర్ దాన్ని బాగు చేయలేదు. మూడు, క్రోమ్ వాడేవాళ్లు మెమరీ సేవర్ ఆన్ చేయండి. నాలుగు, ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా కళ్లకి కనిపిస్తుంది. ఐదు, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' చూడండి. ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో ర్యామ్ వేయించుకోవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అందుకే కొనేముందు మోడల్ నంబర్‌తో చెక్ చేసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఏదో సైట్‌లో దొరికిన క్రాక్డ్ బూస్టర్ అస్సలు వేయకండి. ఇలాంటి టూల్స్ అడ్మిన్ పర్మిషన్ అడుగుతాయి. అది ఇవ్వడమంటే ఇంటి తాళం ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంక్ లాగిన్ కూడా ఉంటుంది కదా.

బూస్టర్‌కి కట్టే డబ్బు పక్కన పెట్టండి, ఎస్ఎస్‌డీ ఖర్చులో కొంతైనా అవుతుంది. టెస్ట్ చేసినవాళ్లు మీ గ్రాఫ్ ఎలా వచ్చిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్లలో ఉండే 'క్లియర్ ఆల్' బటన్ సంగతి చూద్దాం. అప్పటిదాకా సెలవు.